రేడియో కట్టేసిన నెల

చీటీ విప్పగానే రేడియో ముఖం మాడిపోయింది.

"అమ్మా, ఇది పెట్టేసి ఇంకోటి తీసుకుంటాను" అన్నాడు.

"తీసినా లాభం లేదులే అన్నా" అంది పాస్టరమ్మ, బుట్ట పక్కకి జరుపుతూ. "వచ్చిన పేరు వచ్చింది. నెల రోజులు ప్రార్థన చెయ్యి. కుదిరితే ఇంటికెళ్లి నాలుగు మాటలు విను."

చెప్పు అనలేదు, విను అంది.

రేడియో సెలూన్ నడుపుతాడు. కత్తెర ఆగినా నోరు ఆగదని సంఘంలో అందరూ కలిసి పెట్టిన పేరది. ఆ చర్చిలో ఏడాదికోసారి, ఒక్కో చీటీ మీద సంఘంలో ఒక్కొక్కరి పేరు రాసి, బుట్టలోంచి తీస్తారు. ఆ ఆదివారం నలభై మంది వచ్చారు, నలభై చీటీలు తీశారు. ఎవరి పేరు వచ్చిందో పైకి చెప్పకూడదు. నెలాఖరు ఆదివారం మాత్రం ఎవరి కోసం ప్రార్థించారో వాళ్ల పక్కకి వెళ్లి నిలబడాలి.

రేడియో చీటీలో వడ్రంగి మేస్త్రి పేరుంది.

మేస్త్రి భార్య పోయి ఎనిమిది నెలలు. అప్పట్నుంచి అతను చర్చి గడప తొక్కలేదు. పరామర్శకి వెళ్లిన రోజు రేడియో గంటన్నర ఆపకుండా ఓదార్చాడు. చివరికి మేస్త్రి లేచి తలుపు తీశాడు. "బావా, నోరేసుకుని వచ్చావు. చెవులుంటే అప్పుడు రా" అన్నాడు. ముప్పై ఏళ్ల స్నేహం అక్కడితో ఆగిపోయింది.

అన్ని చీటీల్లో తన చేతికి ఆ పేరే రావాలా? దేవుడు వేలు పెట్టి తననే చూపించినట్టు అనిపించింది రేడియోకి.

మర్నాడు మధ్యాహ్నం కత్తి, సబ్బు, బ్రష్షు సంచిలో వేసుకుని వెళ్లాడు. మేస్త్రి గడ్డం గుండెల దాకా దిగింది.

"పాస్టరు గారు పంపారా?"

"లేదు."

"జాలిపడి ఎవరో పంపితే వచ్చేవాళ్లని నేను లోపలికి రానివ్వను."

"ఎవరూ పంపలేదు బావా. ఆ గడ్డం చూడలేక వచ్చా."

అబద్ధం అతని నోట్లోంచి నున్నగా జారింది. మేస్త్రి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

రేడియో అప్పట్నుంచి రోజు విడిచి రోజు వెళ్లాడు. వెళ్లే ముందు సెలూన్‌లో తలుపు వేసుకుని మోకరించేవాడు. "ప్రభువా, నా నోరు కట్టెయ్యి" అన్నదే అతని ప్రార్థన. మాట్లాడే మనిషి చెంప మీద కత్తి ఆడించకూడదు. అందుకని మేస్త్రి పెదవి కదిలితే చాలు, రేడియో కత్తి పైకెత్తి ఆగేవాడు. పది నిమిషాల పని గంట పట్టేది.

వేరేవాళ్లు కూడా రావడం మొదలుపెట్టారు. నర్సమ్మ బీపీ చూస్తానని వచ్చింది. టైలరమ్మ చిరిగిన చొక్కాలు పట్టుకెళ్లింది. లెక్కల మాస్టారు ఉలి అరువడిగాడు.

"ఆయనకి ఉలెందుకు?" అన్నాడు రేడియో.

"ఏమో. ఈమధ్య అందరికీ ఈ వీధిలోనే పనులు పడుతున్నాయి" అన్నాడు మేస్త్రి.

తన ప్రార్థన ఇంత గట్టిగా పనిచేస్తుందని రేడియో అనుకోలేదు. కాస్త గర్వపడ్డాడు కూడా.

నాలుగో వారం ఒక రోజు, సబ్బు నురగ రాసుకున్న ముఖంతోనే మేస్త్రి మొదలుపెట్టాడు.

"ఆ రోజు ఆసుపత్రిలో నా చెయ్యి పట్టుకుంది బావా. ఎక్కడికీ వెళ్లకు అంది. ఒక్క బల్ల మిగిలింది, పాలిష్ పెట్టేసి వచ్చేస్తా అన్నాను. తిరిగొచ్చేసరికి మంచం ఖాళీ."

రేడియో కత్తి ఎత్తి పట్టుకున్నాడు.

"చర్చికి చేసిన బల్లలే అవి. వాటి మీద కూర్చుని నేనెట్లా పాటలు పాడను?"

రేడియో గొంతులోకి వచనాలూ ఓదార్పులూ వరసకట్టి వచ్చాయి. అన్నింటినీ మింగేశాడు. కత్తి పక్కన పెట్టి నేల మీద కూర్చున్నాడు. ముఖం మీద నురగ ఎండిపోయింది.

"ఏమీ అనవేం? రేడియో కట్టేశారా?"

"ఏమనాలో తెలీడం లేదు బావా."

"ఎనిమిది నెలల్లో ఒక్కడు ఆ మాటన్నాడు" అన్నాడు మేస్త్రి. తువ్వాలుతో నురగ తుడుచుకుంటూ, "వచ్చే ఆదివారం వస్తా. నువ్వు పక్కనుంటేనే" అన్నాడు.

రేడియో గుండె పొంగింది. ఆ వెంటనే చీటీ గుర్తొచ్చింది. వచ్చే ఆదివారమే నెలాఖరు. లేచి నిలబడితే, చీటీ పంపితే వచ్చాడని తెలిసిపోతుంది. మేస్త్రి మళ్లీ తలుపేసుకుంటే ఇక తియ్యడు.

ఆదివారం ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. మేస్త్రి అరచేత్తో బల్ల చెక్కని మెల్లగా తడుముతున్నాడు. రేడియో ఉండబట్టలేకపోయాడు.

"బావా, నీకు అబద్ధం చెప్పా. చీటీలో నీ పేరొచ్చింది. అందుకే వచ్చా."

మేస్త్రి చెయ్యి ఆగింది.

"రాకపోతే వచ్చేవాడివి కాదా?"

"కాదు. మొహం చెల్లేది కాదు."

"మరి నాలుగు వారాలు?"

"మొదటి రోజు చీటీ తెచ్చింది. మిగతా రోజులు నేనే వచ్చా."

మేస్త్రి చెంప తడుముకున్నాడు. తర్వాత, "గడ్డం మాత్రం ఎడంపక్క సరిగ్గా గియ్యలేదు" అన్నాడు.

రేడియో ఆ పక్కకి వంగి చూశాడు.

"ఎవరి కోసం ప్రార్థించారో వాళ్ల దగ్గరికి వెళ్లండి" అన్నారు పాస్టరు గారు.

రేడియో వెళ్లాల్సిన పని లేదు. ఉన్నచోటే లేచి, మేస్త్రి భుజం మీద చెయ్యి వేసి కళ్లు మూసుకున్నాడు. హాలంతా అడుగుల చప్పుడు. ఆ చప్పుడు సద్దుమణిగాక, చేతి కింద భుజం వణకడం తెలిసింది.

కళ్లు తెరిస్తే, మిగతా ముప్పై తొమ్మిది మందీ ఆ బల్ల చుట్టూనే నిలబడి ఉన్నారు.