చుక్కల వరుస

"అక్కడ ఏదో తగ్గింది నాయనా," అన్నాడు గుమ్మం దగ్గర కూర్చున్న ముసలాయన.

కంచు గంటలు, డోళ్లు కలిపి వాయిస్తున్న గమెలాన్ మేళం ఆగిపోయింది. మేళం పెద్ద సుకామ్తోకి ఒళ్లు మండింది.

జావా దీవిలోని సోలో పట్టణం మొత్తంలో ఆ పాట ఆయన మేళానికొక్కదానికే వచ్చు. తండ్రి పోతూ పోతూ ఇచ్చిన నోటుపుస్తకంలో తప్ప ఇంకెక్కడా లేదు. ఇంకో గంటలో రికార్డు చేసేవాళ్లు వస్తారు. ఇకపై సంగీతం బడుల్లో ఆ రికార్డే పాఠం.

"ఏం తగ్గింది తాతా? స్వరానికో అంకె. ఒక్కటీ వదల్లేదు, చూసుకో," అని సుకామ్తో పుస్తకం అందించాడు.

"అంకెలు సరే. ఈ చుక్కల సంగతేంటి?"

ముసలాయన వేలు పెట్టిన వరుసలో అంకెలే లేవు, ఎనిమిది చుక్కలున్నాయి. చుక్క ఉన్నచోట చెయ్యి కదపకూడదని మేళంలో చేరిన మొదటిరోజే నేర్పుతారు.

"చుక్కంటే ఊరుకోవడం. అక్కడ ఏమీ లేదు. ఈ పాటలో గొప్పంతా అదే."

పైకి అలా అన్నాడు గానీ, ఆ చోటికి వచ్చేసరికి సుకామ్తోకి ఎప్పుడూ ఏదో వెలితిగా అనిపించేది. అందరూ చేతులు ముడుచుకుని కూర్చుంటే గదిలో ఊపిరాడనట్టుండేది. తండ్రి కూడా అక్కడ కళ్లు మూసుకుని తల దించుకునేవాడు. అది భక్తి అనుకునేవాడు సుకామ్తో.

"ఇలాగే రికార్డు చేస్తే ఇక ఇదే పాటైపోతుంది. అసలుది చచ్చిపోతుంది," అన్నాడు ముసలాయన దగ్గుతూ.

"పుస్తకం ఉండగా పాటెలా చస్తుంది?"

"పుస్తకం ఎప్పుడైనా పాడిందా?"

"మరి పాటెక్కడుంటుందంటావ్? నీ సంచిలోనా?" అన్నాడు డోలు వాయించే తుకిమాన్. అందరూ గొల్లుమన్నారు.

ముసలాయన నవ్వలేదు. మేళంవాళ్ల పద్ధతిలో ఏ వాద్యాన్నీ కాలితో దాటకుండా, నడుం వంచి చుట్టూ తిరిగి, కమానుతో వాయించే రెబాబ్ దగ్గరికి వెళ్లాడు. దాని రెండు తీగల మీదికి చెయ్యి చాపాడు.

"ముట్టుకోకు తాతా. బయటివాళ్లు ముట్టకూడదు," అన్నాడు సుకామ్తో.

ముసలాయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"అక్కడ ఏముందని నన్ను ఒక్క మాట అడగవా నాయనా?"

"అడిగేంత తీరిక లేదు. టీ తాగి బయల్దేరు."

ముసలాయన చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. టీ ముట్టలేదు.

రికార్డు మొదలైంది. చుక్కల వరుస దగ్గర, ఆ నిశ్శబ్దంలో, వీధిలోంచి దగ్గు వినిపించింది. పనికిరాదని మొదటినుంచి మళ్లీ వాయించారు.

రెండోసారి దగ్గు వినిపించలేదు. రికార్డు అద్భుతంగా వచ్చిందన్నారు. సుకామ్తో మాత్రం ఒకసారి గుమ్మం వైపు చూశాడు.

మర్నాడు పొద్దున్నే ఒకామె వచ్చింది. కళ్లు ఏడ్చి ఏడ్చి వాచి ఉన్నాయి.

"నిన్న మా నాన్న ఇక్కడికొచ్చారా అండీ? దగ్గుతుంటారు. తిరిగి మా ఊరికొస్తూ, వొనొగిరి బస్సులో, కూర్చున్నచోటే పోయారు."

సుకామ్తో తలూపాడు.

"వచ్చారమ్మా."

"మీరు అడిగారా?"

"ఏమడగాలి?"

ఆమె గుమ్మం పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"అడగందే ఇవ్వకూడదన్నది మా ఇంటి కట్టుబాటండీ. మీ నాన్నకి ఈ పాట నేర్పిన గురువు మా నాన్నే. నామోషీపడి మీ నాన్న అడక్కుండా చుక్కలు పెట్టుకున్న ఆ ఒక్క వరుసనీ, మీరైనా అడుగుతారని ఇన్నేళ్లూ గొంతులో దాచుకుని బతికారు."