సీటు కింద స్విచ్

సెమిలిగుడలో కిరాణా కొట్టు నడిపే మన్మథరావు సంత నుంచి రాగానే బేటరీ స్కూటర్‌ని ఛార్జింగ్ చేసి వెనక గదిలో పెట్టేవాడు. మళ్లీ సంతదాకా దాని మొహం చూసేవాడు కాదు. సీటు కింది స్విచ్ ఆపేది, సంతనాడు పొద్దున్నే వేసేది భార్య భారతీదేవే.

"బండి ఆగినా ఆ ఎర్ర దీపం ఆగదండీ. సుక్క సుక్కా బేటరీని తాగేస్తాది. సంతకి తోసుకుని ఎల్తారేటి?" అని విసుక్కునేది.

ఆమె పోయి రెండు నెలలైంది. ఇంట్లో అతనొక్కడే. ఆ స్విచ్ సంగతే అతనికి గుర్తులేదు. అయినా బండి ఒక్క సంతకీ మొరాయించలేదు.

ఈ రాత్రి ఎందుకో అనుమానమొచ్చి, లాంతరు పట్టుకెళ్లి సీటెత్తాడు. స్విచ్ ఆపి ఉంది. దాని మీద పసుపు వేలిముద్ర ఇంకా తడిగా ఉంది.

లాంతరు కింద పెట్టాడు. తర్వాత తనే స్విచ్ వేశాడు. ఎర్ర దీపం వెలిగింది. సీటు దించి, వచ్చి మంచమెక్కి, గోడవైపు తిరిగి కళ్లు మూసుకున్నాడు.

"ఇయ్యాల కూడా మరిసిపోనానే, భారతీ" అన్నాడు, వెనక గదిదాకా వినిపించేలా.

కాసేపటికి అక్కడ సీటు కిర్రుమంది.