మూడు దేశాల పాఠాలు

తలుపు తన్నుకుంటూ వచ్చాడు ఒక పిల్లాడి తండ్రి. చేతిలో ఇనుప రాడ్డు.

"ఎవరిక్కడ హెడ్‌మిస్ట్రెస్?"

"నేనే. కూర్చోండి."

ఆమె ఛార్జి తీసుకుని పది నిమిషాలు కూడా కాలేదు. సొరుగులింకా ఖాళీగానే ఉన్నాయి. పక్క గదిలో పిల్లలు ఏడో ఎక్కం వల్లె వేస్తున్నారు. ఏడెనిమిదుల దగ్గర ఎవరో పిల్ల దగ్గింది.

అతను ఊపిన రాడ్డు ఆమె చెవి పక్కగా వెళ్ళి బీరువా అద్దం పగలగొట్టింది.

"మావాణ్ణి కొట్టిన మాస్టరేడీ? వాడి తల పగలాలి."

ఇంట్లో మొదటి డిగ్రీ ఆమెదే. బడి నడపడం నేర్చుకోడానికి మూడు దేశాలు తిరిగొచ్చింది. గొంతు పెంచకూడదని మొదటి దేశంలో చెప్పారు. పెంచలేదు. టేబుల్ మీద ఫోను రెండు ముక్కలైంది.

మంచినీళ్ళిచ్చి చూడమని రెండో దేశంలో చెప్పారు. ఇచ్చింది. గ్లాసు గోడకు తగిలి పగిలింది. పెంకొకటి ఎగిరొచ్చి ఆమె చెంప కోసింది. రక్తం చూసి అతను అర అడుగు వెనక్కి వేశాడు.

బిడ్డ పేరడిగితే ఏ తండ్రైనా మెత్తబడతాడట. అది మూడో దేశం మాట.

"మీ అబ్బాయి పేరేంటన్నా?"

అతను తడబడ్డాడు. "పేర్లూ ఊళ్ళూ తర్వాత. ముందు ఆ క్లాసు సంగతి చూస్తా."

పక్క గది వైపు తిరిగాడు. ఇంత గొడవలోనూ అక్కడ ఎక్కం ఆగలేదు. ఆ పిల్ల మళ్ళీ ఏడెనిమిదుల దగ్గరే దగ్గింది.

ఆమె తలుపుకు అడ్డంగా నిలబడింది. "పిల్లల జోలికెళ్ళాలంటే నన్ను దాటి వెళ్ళాలి."

"దాటలేననుకున్నావా?" రాడ్డు పైకెత్తాడు.

నేర్చుకున్న చదువంతా అయిపోయింది. ఇక మిగిలింది బస్తాలు మోసే నాన్న చెప్పిందే. 'కర్ర పట్టినవాడి మొహం చూడకమ్మా, మణికట్టు చూడు.'

గోడకు వేలాడుతున్న బడిగంట సుత్తి అందుకుంది. మొదటి దెబ్బకి ఎముక పుటుక్కుమంది. రాడ్డు జారిపోయింది.

"మేడమ్, ఆగండి మేడమ్..."

రెండో దెబ్బ కణత మీద పడింది. బస్తా జారినట్టు కూలాడు. కాళ్ళు రెండుసార్లు కొట్టుకుని ఆగిపోయాయి. నెత్తురు బీరువా కిందికి పారింది.

పిల్లలు ఇది చూడకూడదు. ఆమె సుత్తి వదిలేసి, చేతులు తుడుచుకుని, "ఏం లేదర్రా, భయపడకండి" అంటూ పక్క గది తలుపు ఓరగా తెరిచింది.

లోపల ఒక్క పిల్లా లేదు. ఎక్కం వల్లిస్తున్న స్పీకరు పక్కన, మూడు దేశాల్లో తనకు పాఠాలు చెప్పిన ముగ్గురూ, 'తుది పరీక్ష' అని రాసున్న మార్కుల కాగితాలు పట్టుకుని, తెల్లబోయి నిలబడి ఉన్నారు.