బాగుందన్న అద్దం

చెంచుగూడెంలో ఇప్పుడు ఇంటింటి గోడకూ డాక్టరుకు బదులు అద్దమే ఉంది. ఈదమ్మ ఒడిలో పసిబిడ్డ డొక్కలెగరేస్తూ రొప్పుతున్నా, ముఖం చూసిన అద్దం మాత్రం "పాప ఆరోగ్యం బాగుంది" అనే అంటోంది.

"అద్దానికన్నా నీకెక్కువ తెలుసా? ఎప్పుడూ నీకు భయమే!" మొగుడు లింగయ్య కసిరాడు.

ఈదమ్మకు మనసాగలేదు. వెచ్చటి ఆముదం రాద్దామని బిడ్డ పాదాలు పైకెత్తింది. నీలమెక్కిన లేత రంగు అరికాళ్లు కంటబడగానే అద్దం ఎర్రబడి కేకపెట్టింది. "ప్రాణాపాయం! అంబులెన్సు వస్తోంది."

వచ్చిన నర్సు బిడ్డకు ఆక్సిజన్ పెడుతూ, "తెల్లటోళ్లను చూసి నేర్చిన అద్దమమ్మా ఇది. ఊపిరందక ఒళ్లు నీలమెక్కినా, నల్లటి ఒంటిమీద ఆ నీలం కనిపెట్టలేదు. కొత్తవి తెస్తున్నారు" అంది.

ఈదమ్మ మొగుడివైపు తిరిగింది.

"ఆయాసంతో మీయమ్మ పోయిన పొద్దు గూడా ఇది బాగుందనే చెప్పింది గదయ్యా!"