షీల్డు మీద ఖాళీ చోటు

"మాస్టారూ, తలుపు తీస్తారా, పగలగొట్టమంటారా?"

దియెప్ మూడోసారి బాదింది. సాయంత్రం నాలుగున్నర దాటింది. బోల్సా వీధి హోటల్లో ఆరింటికల్లా మూడువందల మంది కూర్చుంటారు. ఎవరి కోసం కూర్చుంటున్నారో ఆ పెద్దమనిషి మాత్రం ఇంట్లో గడియ పెట్టుకున్నాడు.

తలుపు తెరుచుకుంది. వూ మాస్టారు పైజమాలో ఉన్నారు. పైన, మోచేతుల దగ్గర చిరిగిన నీలం స్వెట్టరు.

"సూటేదీ?"

"బీరువాలో ఉందమ్మా."

"అయితే సన్మానం బీరువాకి చేద్దామా?"

"టీ తాగుతావా?"

"తాగను. పదండి."

"రాలేనమ్మా. రేపు పరీక్ష. తెల్లవారుజామునే బస్సు. తొందరగా పడుకోవాలి."

దియెప్ నెత్తి కొట్టుకుంది. "పరీక్ష మీ శిష్యులకండీ! వాళ్ళలో అందరికంటే చిన్నవాడికి నలభై రెండేళ్ళు. సైనికుల కళ్ళుగప్పి సముద్రం దాటొచ్చిన వాళ్ళకి బస్సెక్కడం చేతకాదా?"

"అలవాటమ్మా. ప్రతి జట్టుతోనూ వెళ్ళాను. నీతో రాలేదూ?"

వచ్చారు. కాదనడానికి లేదు. తొమ్మిదేళ్ళ క్రితం మాట. సైగాన్‌లో సొంత మందుల షాపు నడిపిన దియెప్, కాలిఫోర్నియాకొచ్చి బట్టల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టేది. ఆస్పత్రి మందుల విభాగంలో పనిచేసే వూ మాస్టారు శని, ఆదివారాలు తన గ్యారేజీలో ఫార్మసిస్టు లైసెన్సు పరీక్షకి పాఠం చెబుతారని విని వెళ్ళింది. ఒకపక్క బట్టలుతికే యంత్రం గడగడలాడుతుంటే ఆయన బోర్డు మీద సుద్దతో కొట్టి చెప్పేవారు. "ఇదిగో, ఇక్కడ గొయ్యి ఉంది. ప్రశ్న తియ్యగా మొదలవుతుంది, చివర్లో కాటేస్తుంది. గడియారం వంక చూశావా, పోయావన్నమాటే!" ఆ గోతులన్నీ తానే తవ్వినట్టు చెప్పేవారు.

పరీక్ష రోజు ఇదే నీలం స్వెట్టరుతో, చేతిలో ఫ్లాస్కుతో బస్సెక్కారు. హాలు గుమ్మం దగ్గర ఒక్కొక్కరి భుజమూ తట్టి లోపలికి పంపారు. దియెప్ పరుగున వెళ్ళి మొదటి వరుసలో కూర్చుంది. మళ్ళీ వెనక్కి తిరిగి చూడలేదు. తిరుగు ప్రయాణంలో అందరికంటే ఆఖర్న వచ్చి బస్సెక్కారాయన. ఇంతసేపూ ఎక్కడున్నారని అడిగితే, "ఇక్కడే. ముందు మీరెలా రాశారో చెప్పండి" అన్నారు.

అలా నూట పద్ధెనిమిది మంది మళ్ళీ ఫార్మసిస్టులయ్యారు. ఈ సన్మానం వాళ్ళందరిదీ. వాళ్ళ సంఘం కార్యదర్శిగా దాని చాకిరీ మాత్రం ఒక్క దియెప్‌ది.

ఆమె సంచిలోంచి షీల్డు తీసి బల్ల మీద పెట్టింది. "వూ క్వాంగ్ థుక్" అని బంగారు అక్షరాలు. వాటి కింద వేలెడు ఖాళీ.

"చెక్కేవాడు అయిదున్నరకి షాపు కట్టేస్తాడు. మీ లైసెన్సు నంబరు చెప్పండి. ఆరు వారాలుగా అడుగుతున్నాను."

"పేరు చాలదూ?"

"చాలదు! సైగాన్ పట్టాలు సముద్రంలో కలిసిన వాళ్ళం మనం. ఇక్కడ మనకు మిగిలింది ఆ నంబరే. అది లేకుండా మన సంఘంలో ఇంతవరకూ ఎవరికీ షీల్డు ఇవ్వలేదు. మీతో మొదలెట్టమంటారా?"

"గుర్తులేదమ్మా."

"వెయ్యి మందుల పేర్లు గుర్తుంటాయి, సొంత నంబరు గుర్తుండదు! పోనీ ఆ కాగితం ఏదీ? అందరం గోడకి తగిలించుకుంటాం. మీ గోడ మీద కేలెండరు తప్ప ఏమీ లేదేం?"

"వెతుకుతూనే ఉన్నానమ్మా" అన్నారాయన, టీ కప్పులోకి చూస్తూ.

ఫోను మోగింది. దియెప్పే అందుకుంది. హోటల్లో ఏర్పాట్లు చూస్తున్న సంఘం మనిషి ఖోవా.

"అక్కా, మేయరు అప్పుడే వచ్చేశాడు! మాస్టారేరీ?"

"పైజమాలో ఉన్నారు!"

"పైజమాలోనా? ఇక్కడ పీతలు ఎప్పుడు వడ్డించాలని అడుగుతున్నారక్కా."

"నేను రాకపోతే ఆ పీతకే షీల్డు ఇచ్చెయ్!" ఠపీమని పెట్టేసింది.

ఇక ఆమె ఓపిక అయిపోయింది. కుర్చీలో కూలబడింది. "మీరు రాకపోతే ఆ నూట పద్ధెనిమిది మందికీ నేనేం చెప్పను మాస్టారూ? కాలర్లు కుట్టుకుంటున్న దాన్ని లేపి తెల్లకోటు తొడిగింది మీరు. ఒక్క పూట మీకు దణ్ణం పెట్టుకోనివ్వరా?" ఆ కోపంలోనే కళ్ళు తుడుచుకుంది.

మాస్టారు టీ కప్పు పక్కన పెట్టారు.

"ఎనిమిదింటికల్లా దింపేస్తావా?"

"ఒట్టు."

"నంబరు అడగవుగా?"

"వచ్చే వారం చెక్కిస్తాలెండి! ముందు సూటు వేసుకోండి."

ఆయన స్వెట్టరు విప్పి కుర్చీకి తగిలించి లోపలికి వెళ్ళారు. దియెప్ ఊపిరి పీల్చుకుంది. బల్ల మీద కడిగి పెట్టిన ఫ్లాస్కు, పక్కనే కొత్తగా చెక్కిన రెండు పెన్సిళ్ళు. శిష్యులు మరిచిపోతే అవి కూడా ఈయనే మొయ్యాలి కాబోలు! విసుగ్గా స్వెట్టరు మడవబోతే జేబులోంచి మడత కాగితం జారిపడింది.

రేపటి పరీక్ష హాల్ టికెట్.

"చూశారా! ఎవడో టికెట్ కూడా మాస్టారికే అప్పజెప్పాడు" అని పళ్ళు నూరుతూ విప్పింది. ఆఖరి వరుస సీటు. ఎన్నోసారి రాస్తున్నారు అన్న గడిలో పదిహేను. పదిహేనోసారా! ఇలాంటి గురువు దగ్గర చదివి కూడా పద్నాలుగుసార్లు తప్పిన మొద్దు ఎవడు?

"అమ్మా, టై ముడి వెయ్యడం వచ్చా నీకు?" లోపలినుంచి మాస్టారి గొంతు.

"వస్తున్నా" అంటూ దియెప్ కాగితం పై మడత కూడా విప్పి పేరు చూసింది.

వూ క్వాంగ్ థుక్.