బల్బు ఇక్కడ, స్విచ్చి ఎక్కడో

“సెప్పులు గుమ్మం అవతలే ఇడిసీ. కూకోమని నానేటీ అన్లేదు,” అంది దేముడమ్మ.

హిమజ విప్పింది. బిగుతైపోయాయని పైపట్టీ కోసేసిన మగ చెప్పుల పక్కన తనవి పెట్టి, వసారాలో నిలబడే ఉంది. వాకిట్లో దేముడమ్మ కొడుకు ఢిల్లీరావు కొబ్బరికాయలు వలుస్తూ, గునపానికి కాయ గుచ్చిన ప్రతిసారీ ఆమెకేసి చూసి నవ్వుతున్నాడు.

నెలన్నర కిందట ఈ ఇంట్లోనే, హిమజ పనిచేసే పరిశోధన కోసం పన్నెండు మంది మగవాళ్ల రక్తం సేకరించారు. గదిలో ఊరి నర్సు భారతి తీసి ఇస్తే, బయట వసారాలో కూర్చుని హిమజ ట్యూబుల మీద పేర్లు అంటించింది. అప్పుడే అందరికీ విడమరిచి చెప్పింది. జన్యువులు బల్బుల్లాంటివనీ, వాటిని వెలిగించి ఆర్పే స్విచ్చిలు డీఎన్ఏలో ఎక్కడో దూరాన ఉంటాయనీ, వాటిని పోల్చుకోవడం కంప్యూటర్‌కి నేర్పుతున్నామనీ, ఉద్దానంలో కిడ్నీలు ఎందుకు పోతున్నాయో అక్కడ జాడ దొరకొచ్చనీ.

“బల్బు ఈడ, స్విచ్చేడో,” అని దేముడమ్మ ఎకసెక్కమాడింది. ఆమె మొగుడు మూడేళ్లు వారానికి రెండుసార్లు పలాస వెళ్లాడు. ఆ తర్వాత వెళ్లే అవసరం లేకపోయింది. ఆ ఊళ్లో పలాస అంటే ఊరు కాదు, డయాలసిస్. జబ్బు పేరు ఎవరూ పలకరు. ఫలానావాడు పలాస వెళ్తున్నాడట అంటారు, అంతే. ఆ ఇంటికి ఇక సంబంధాలు రావు.

ఇప్పుడా కంప్యూటర్ హిమజ మెడకే చుట్టుకుంది. పన్నెండు ట్యూబుల్లోనూ స్విచ్చిలు అక్షరం తేడా లేకుండా ఒకటేనంది. ఒకే రక్తాన్ని పన్నెండుగా పంచి పంపావని ప్రొఫెసర్ తేల్చేశాడు. రేపటికల్లా రుజువు చూపించకపోతే ఉద్యోగం ఉండదు.

“నేను తప్పు చెయ్యలేదు. మీరే ఏదో చేశారు,” అంది హిమజ. తన గొంతులోని ద్వేషం తనకే వినిపించింది. అది హాయిగా కూడా ఉంది.

“సేసినాం. ఏటి సేత్తావు?” అంది దేముడమ్మ. “ఆ జబ్బు పట్టీలో పేరెక్కితే మా ఇళ్లకి పిల్లనెవులిత్తారు? అందికే ఊర్లో గట్టి రగతం ఎవుడిదో సూసి ఆడిసేతే ఇప్పించినాం. రోజుకి నలబై కొబ్బరిసెట్లెక్కుతాడు నా కొడుకు. పన్నెండు గొట్టాలూ ఆడియే.”

సంచిలో ఫోను ఆ మాటల్ని రికార్డు చేస్తూనే ఉంది. హిమజ గుండె మీది బండ దిగింది. తప్పు తనది కాదు. వాళ్ల నోటితోనే ఒప్పుకున్నారు. చెప్పులు తొడుక్కుంటుంటే, తను ఇక్కడికి వస్తోందని తెలిసి ల్యాబ్ డాక్టరు అప్పగించిన కవర్లు గుర్తొచ్చాయి. అదే రక్తానికి మామూలు పరీక్షలు కూడా చేశారు. సీలు వేసి, ఎవరి ఫలితం వాళ్లకే ఇమ్మన్నారు.

“ఇవన్నీ నీవేనట,” అని ఆ కట్టను ఢిల్లీరావు ముందు పడేసింది.

“ఇప్పరా. ఆల మిసను ఏటి మొరిగిందో సూద్దుం,” అంది తల్లి.

అతను నవ్వుతూ ఒకటి చింపాడు. తర్వాత ఇంకొకటి. మూడోది చింపేటప్పుడు నవ్వడం లేదు.

పన్నెండు కాగితాలూ పలాస రమ్మన్నాయి.