కంట చుక్క లేని కోడలు

“నా మోకాళ్ళ సంగతి తర్వాత చూద్దురు గాని, ముందు ఈవిడగారి గుండె బండో కాదో పరీక్ష చేసి చెప్పండి డాక్టరుగారూ!”

కీళ్ళ జబ్బుల గదిలో కుర్చీలో కూర్చుంటూనే అత్తగారు కోడలి వైపు వేలు చూపించింది. ఆ గొంతుకు వరండాలో ఉన్న చక్రాల కుర్చీ తనంతట తానే నాలుగడుగులు వెనక్కి దొర్లిందంటే మీరు నమ్మి తీరాలి. కోడలు గోడవారగా తల వంచుకుని నిలబడింది. కొడుకు బిక్కమొహం వేసుకుని, వదిలితే తల్లి వెళ్ళిపోతుందన్నట్టు ఆవిడ పెట్టెను రెండు చేతులా కావలించుకుని కూర్చున్నాడు.

“ఏమైందమ్మా?” అన్నాడు డాక్టరు, ఆవిడ మోకాలు పట్టుకుని చూస్తూ.

“మొన్న రాత్రి నొప్పికి నేను పెట్టిన కేకలకు పక్కింటివాళ్ళు ఏడ్చారు. ఎదురింటివాళ్ళు ఏడ్చారు. దోవన పోయే ముక్కూమొహం తెలియని మనిషి కూడా మా గుమ్మంలో నిలబడి ముక్కు చీదాడు. ఈవిడ కంట మాత్రం చుక్క లేదు! నా మనసు విరిగిపోయింది. పెట్టె సర్దుకునే వచ్చాను. ఇటు నుంచి ఇటే మా అమ్మాయింటికి. మళ్ళీ వీడి గడప తొక్కితే ఒట్టు!”

“అమ్మ అలిగి వెళ్ళిపోతే చుట్టాలందరూ నా మొహాన ఉమ్మేస్తారండీ,” అని కొడుకు గొణిగాడు. “మీరైనా కాస్త చెప్పండి.”

డాక్టరు మోకాలి మీంచి చెయ్యి తీసేశాడు. “కోడలికి అసలు కన్నీళ్ళే రావా?”

“రావు. పైగా ఇసుక పడ్డట్టు ఎప్పుడూ కళ్ళు నలుపుకుంటుంది, నన్ను చూడలేక!”

“ఇంకా?”

అడిగేవాడు దొరికితే ఆవిడ ఆగుతుందా?

“నేను వండి పెడితే ముద్దకో గుక్క నీళ్ళు తాగుతుందండీ, మట్టి మింగుతున్నట్టు! నేను ఎన్ని తిట్టినా ఒక్కదానికీ బదులివ్వదు, నాలుక అంగిలికి అతుక్కుపోయినట్టు. పొద్దున్నే గిన్నె పట్టుకోమంటే వేళ్ళు ముడుచుకోవట్లేదని వేషాలు. ఎండెక్కాక మాత్రం చక్కగా ముడుచుకుంటాయి!”

డాక్టరు ప్రతి నేరాన్నీ శ్రద్ధగా రాసుకున్నాడు. లేచి వెళ్ళి కోడలి వేళ్ళ కణుపులు ఒక్కొక్కటే నొక్కాడు. ఆమె “అబ్బా” అంది. నాలుక చాపమన్నాడు. తర్వాత గీతలున్న సన్నని కాగితపు పట్టీలు రెండు తీసి, కింది రెప్పలకు తగిలించి, కళ్ళు మూసుకోమన్నాడు.

“అదేమిటండీ, చీటీలు అంటించారు? నా కోడల్ని గానీ అమ్మకానికి పెట్టారా?”

“కన్నీళ్ళ కొలత. ఐదు నిమిషాలు మాట్లాడకండి.”

మాట్లాడకుండా ఉండటం ఆవిడ ఒంటికి పడదు. అయినా పెదాలు బిగబట్టుకుని ఉంది. ఆ నిశ్శబ్దానికి కంగారుపడి ఒక నర్సు తలుపు తీసి తొంగి చూసింది కూడా.

పట్టీలు తీస్తే, అప్పుడే డబ్బాలోంచి వచ్చినట్టు పొడిగా ఉన్నాయి.

“పెద్దమ్మగారూ, మీ కోడలిది బండగుండె కాదు, జబ్బు. ఒంటికి కాపలా కాయాల్సిన బలగమే తిరగబడి కన్నీళ్ళనూ నోటి తడినీ ఎండగట్టేస్తుంది. కీళ్ళనూ పట్టుకుంటుంది. రక్త పరీక్షలు చేయిద్దాం గాని, మీరు చెప్పినవన్నీ దాని లక్షణాలే. లోపల ఎంత కుమిలిపోతున్నా ఈమె కంట చుక్క రాలదు. మందులు వాడినా గుణం కనిపించడానికి నెలలు పడుతుంది.”

అత్తగారు చటుక్కున లేచి, మోకాళ్ళ నొప్పి మాటే మరిచి, కోడలి మెడ చుట్టూ చేతులేసి గొల్లుమంది.

“అయ్యో నా తల్లీ! ఇంత జబ్బు పెట్టుకుని నా చేత ఇన్ని మాటలు పడ్డావా? నీ ఏడుపు కూడా ఇక నేనే ఏడుస్తానే! ఒరేయ్, ఆ పెట్టె ఇంటికి తీసుకుపోయి సామాను సర్దు. అమ్మాయింటికీ వెళ్ళను, ఎక్కడికీ వెళ్ళను. నా ఊపిరున్నన్నాళ్ళూ పగలూ రాత్రీ దీని పక్కనే! నా మంచం కూడా దీని గదిలోనే వేయించు!”

“బతికించావమ్మా!” అంటూ కొడుకు పెట్టె కింద పెట్టాడు.

డాక్టరు మందులు రాయడానికి ఇంకా కలం మూత కూడా తీయలేదు, కోడలి రెండు కళ్ళలోంచీ కన్నీళ్ళు బొటబొటా రాలాయి.